కోయని మడత

మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి, లైబ్రరీ హాల్లో వాచ్‌మన్ తన రాజుని తన చేత్తోనే పడుకోబెట్టడం బైండరమ్మ కళ్ళారా చూసింది.

ఆమెకి చదరంగం రాదు. అట్టలూడి, వెన్ను విరిగి వచ్చిన పుస్తకాలని వెనక గదిలో కూర్చుని కుట్టి, అతికించి, మళ్ళీ చదివేవాళ్ళ చేతుల్లో పెట్టడం ఆమె పని. జిగురు కలుపుకోడానికి నీళ్ళ కోసం గిన్నె పట్టుకుని హాల్లోంచి వెళ్తూ, బల్ల చుట్టూ మూగిన నలుగురి భుజాల సందులోంచి తొంగి చూసింది, అంతే.

బల్ల మీద నాలుగే బొమ్మలు మిగిలాయి. మందుల షాపాయనవి తెల్లవి మూడు: రాజు, గుర్రం, బంటు. వాచ్‌మన్‌కి మిగిలింది ఒక్క నల్ల రాజు. తెల్ల బంటు ఇంకొక్క అడుగు వేస్తే మంత్రి అయిపోతుందని చూసేవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. కానీ ఆ అడుగు పడాల్సిన మూల గడిలో వాళ్ళ రాజే ఇరుక్కుని కూర్చున్నాడు. పక్కకి తప్పుకుందామంటే నల్ల రాజు ఒక గడి ఎడంగా నిలబడి దారి కాస్తున్నాడు. ఒకసారి పై గడిలోకి, ఒకసారి కింది గడిలోకి. వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడే తీరూ అచ్చం అదే అనిపించి ఆమెకి నవ్వొచ్చింది.

అప్పుడే మాస్టారు వచ్చారు. ఊళ్ళో చదరంగం ఆడే వాళ్ళందరికీ ఆయనే గురువు. ముప్ఫై ఏళ్ళుగా ఆ హాల్లో ఆయన మాటకి తిరుగులేదు.

"ఇంకా ఏం చూస్తున్నావయ్యా? నీది ఒంటి రాజు. అవతల గుర్రం, బంటు. అయిపోయింది."

వాచ్‌మన్ నోట్లో నాలుక లేని మనిషి. అయినా ఆ రోజు చూపుడువేలు రాజు నెత్తి మీద ఆనించి, "ఇంకా ఉందేమో అనిపిస్తోంది మాస్టారూ. నేనిక్కడే పైకీ కిందికీ తిరుగుతుంటే..." అన్నాడు.

"అనిపించడాలతో ఆటలు ఆడరు. పుస్తకంలో ఉంది. ఈ బొమ్మ నాకు కంఠతా వచ్చు. తెల్లవాడిదే గెలుపు. పడుకోబెట్టు."

వాచ్‌మన్ ఓటమి ఒప్పుకుని రాజుని పడుకోబెట్టాడు. పక్క ఊరితో ఆదివారం జరిగే పోటీకి ఐదుగురు వెళ్తారు. నలుగురు ముందే ఖాయమయ్యారు. ఐదో కుర్చీ ఎవరిదో తేల్చే ఆట అది. మందుల షాపాయన చెయ్యి కలిపాడు గానీ ఆయన మొహంలోనూ గెలిచిన కళ లేదు. వాచ్‌మన్ పడిపోయిన రాజుని బొటనవేలితో ఓసారి తుడిచి, పెట్టెలో సర్ది, టోపీ పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

హాలు చివర కుళాయి దగ్గర బైండరమ్మ గిన్నెలో నీళ్ళు నిండి పొర్లుతున్నా కుళాయి కట్టకుండా అలాగే నిలబడింది. ఆయన ఓడిపోయినందుకు కాదు. ఆయన అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పనందుకు.

బుధవారం మధ్యాహ్నం మాస్టారే బైండింగ్ గదికి వచ్చారు. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు తువ్వాల్లో చుట్టి ఒక పుస్తకం తెచ్చారు. మొన్నటి వానకి కిటికీలోంచి జల్లు కొట్టి బీరువా తడిసిందట. వెన్ను ఊడిపోయింది, దారాలు తెగిపోయాయి, పేజీల కింది అంచులు చివికి నంబర్లన్నీ రాలిపోయాయి.

"ఇది మామూలు పుస్తకం కాదు. ఇటువంటిది ఊళ్ళో ఇంకోటి లేదు. శనివారానికి కావాలి."

ఆమె ఒక పేజీ తిప్పింది. అక్షరాలు ఏ భాషవో తెలియలేదు. పేజీకి రెండేసి గళ్ళ బొమ్మలు. "నంబర్లు లేవు కదండీ, వరస ఎలా తెలుస్తుంది?"

"ఎక్కువ పేజీలు మడతల్లోనే ఉన్నాయిగా. విడిపోయినవి అటూ ఇటూ అయినా నేను సర్దుకుంటాను. అర్థం చేసుకోవాలని మాత్రం చూడకు, తల తిరుగుతుంది. కుట్టు, చాలు."

ఆయన వెళ్ళాక ఆమె పాత దారం ముక్కలు ఒక్కొక్కటే పట్టుకారుతో లాగింది. వెన్ను మీద గట్టిపడిన జిగురుకి తడి గంజి పట్టించి, అది మెత్తబడ్డాక చెక్క బద్దతో గీకింది. తడి పేజీలని గది అడ్డంగా కట్టిన తాళ్ళ మీద ఆరేసింది. పైకప్పు దగ్గరున్న చిన్న కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా దిగి, ఒక్కో కాగితం వెనక దీపం పెట్టినట్టు వెలిగించింది. గాలి వచ్చినప్పుడల్లా గళ్ళన్నీ కదిలాయి. వాటిలో రాజులు, గుర్రాలు, ఏనుగులు నీళ్ళలో నడుస్తున్నట్టు మెల్లగా ఊగాయి. ఆమె స్టూలు మీద కూర్చుని తల ఎత్తి చాలాసేపు చూసింది. నిద్రా కాదు, మెలకువా కాదు.

తీరా చూస్తే, ఆరిన పేజీలని వరస పెట్టడం దగ్గర చిక్కు వచ్చి పడింది. "నేను సర్దుకుంటాను" అని మాస్టారు అన్నారు గానీ, వరస తప్పిన పుస్తకాన్ని కుట్టడం ఆమెకి చేతకాదు. అది అన్నం లేకుండా విస్తరి వేసినట్టే అని ఆమె లెక్క. గురువారం పొద్దున్న విడి పేజీలన్నీ బల్ల మీద పరుచుకుంది. వాటినే చూస్తూ కూర్చుంది. చూడగా చూడగా ఒకటి తట్టింది. ఒక గళ్ళ బొమ్మకీ దాని పక్కదానికీ మధ్య తేడా ఒక్కటే. ఒక్క పావు జరిగి ఉంటుంది, మిగతావన్నీ ఉన్నచోటే ఉంటాయి.

ఇంకేముంది, దారం దొరికింది. ఇక్కడ ఏనుగు నిలువుగా పోయింది, కాబట్టి ఈ పేజీ తర్వాత ఆ పేజీ. ఇక్కడ శకటు ఐమూలగా జారింది. ఇది దాని తర్వాతది. బంటు ఒక్కో అడుగే ముందుకి పోతుంది, వెనక్కి రాదు. కాబట్టి బంటు ఎక్కడుందో చూస్తే ఏది ముందో ఏది వెనకో తేలిపోతుంది. ఆట నియమాలు ఎవరూ చెప్పలేదు. పేజీల వరసే చెప్పింది. ఒక పాఠం చివర కూడిక గుర్తు ఉంటే తెల్లవాళ్ళు గెలిచినట్టు. అదీ తెలిసిపోయింది. గుర్రం దగ్గర మాత్రం ఆగిపోయింది. అది నడవదు, ఎగురుతుంది. దాని లెక్క ఎంతకీ అందలేదు.

భోజనాల వేళ గేటు దగ్గరికి వెళ్ళింది. "బాబాయ్, గుర్రం ఎలా నడుస్తుంది?"

వాచ్‌మన్ డబ్బా మూత తీస్తూ ఆగాడు. "నీకెందుకమ్మా?"

"పేజీలు అతకాలి."

ఆయన కర్రతో మట్టిలో గళ్ళు గీశాడు. "ఇదిగో, తిన్నగా రెండు, పక్కకి ఒకటి. ఎటైనా సరే. మధ్యలో ఎవరున్నా దానికి పట్టదు." గీస్తున్నప్పుడు ఆయన గొంతు మారిపోయింది. గేటు దగ్గర ఎవరి మాటకైనా తలూపే మనిషి కాదు, పాఠం చెప్పే మనిషి. గీసిన గళ్ళలో చివరి రెండు గడుల దగ్గర కర్ర ఊరికే ఆగి, పైకీ కిందికీ కదిలింది.

"మొన్నటి ఆటేనా?" అంది ఆమె.

"ఆ. వదల్లేకపోతున్నా." గళ్ళని చెప్పుతో చెరిపేశాడు. "మాస్టారు అంత గట్టిగా చెప్పారంటే ఉండే ఉంటుందిలే."

శుక్రవారం మధ్యాహ్నానికి వరస కుదిరింది. ఎనిమిదేసి పేజీల మడతలు దొంతరగా పేర్చి, కుట్టడానికి ముందు ఒక్కోదాన్నీ వేలితో విప్పి చూసుకుంటూ వచ్చింది. పద్నాలుగో మడత దగ్గర వేలు లోపలికి పోలేదు.

పేజీలు అంటుకుపోయాయేమో అనుకుంది. తిప్పి చూసింది. అంటుకోలేదు. అచ్చువేసిన పెద్ద కాగితాన్ని మడిచి పుస్తకం చేసినప్పుడు పై అంచున మడత మిగిలిపోతుంది. దాన్ని కత్తితో కోస్తేనే లోపలి రెండు పేజీలు తెరుచుకుంటాయి. ఈ ఒక్క మడతని ఎవరూ కోయలేదు. అచ్చాఫీసు వాళ్ళు మర్చిపోయారు. కొన్నవాళ్ళు చూసుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా బీరువాలో తాళం వేసి దాచుకున్న మాస్టారు పేజీ తిప్పినప్పుడల్లా రెండిటినీ కలిపి ఒకటిగా తిప్పేశారు.

కాగితాన్ని వంచి, కింది నుంచి కన్ను పెట్టి చూసింది. లోపల గళ్ళు. మసక చీకట్లో ఒక గుర్రం తల.

సొంతదారు చెప్పనిది కోయకూడదు. పని నేర్పిన పెద్దాయన మొదటిరోజు చెప్పిన మాట అది. మడతని పక్కన పెట్టి మిగతావి చూసింది. మళ్ళీ చేతిలోకి తీసుకుంది. మళ్ళీ పక్కన పెట్టింది. చివరికి లేచి చేతులు కడుక్కుని, పదును కత్తి తీసుకుని, మడత వెంట ఒక్క ఊపున లాగింది. కాగితం చిన్నగా నిట్టూర్చినట్టు విడింది. లోపలి పేజీలు ఈ ఉదయమే అచ్చయినంత తెల్లగా ఉన్నాయి. ఎండ వాటి మీద పడటం అదే మొదటిసారి.

మంగళవారం బల్ల మీద చూసిన బొమ్మే అక్కడ ఉంది. మూలలో తెల్ల రాజు, ముందు బంటు, దూరంగా గుర్రం, ఎదురుగా ఒంటి నల్ల రాజు. దానికి ముందు పేజీలోనూ దాదాపు అదే బొమ్మ. గుర్రం ఒక్కటీ ఒక గడి పక్కన ఉంది. అక్కడ పాఠం చివర కూడిక గుర్తు. ఇక్కడ నాలుగో గళ్ళ బొమ్మ కింద కూడిక లేదు. రెండు అడ్డగీతలు, ఒకదాని కింద ఒకటి. ఏ భాష రాకపోయినా బడికెళ్ళిన వాళ్ళందరికీ తెలిసిన గుర్తు. సమానం.

ఆమె రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూసింది. ఎందుకు సమానం? గుర్రం ఒక్క గడి పక్కకుంటే అంత తేడా ఏమిటి? పేజీ ఏమీ చెప్పలేదు. చెప్పినా ఆమెకి రాని భాషలోనే చెప్పింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క కుట్టుమిషను మీద ఉంది. అక్క టైలరు. వాళ్ళిద్దరే ఉంటారు ఆ ఇంట్లో. చెల్లెలు కాగితాలు కుడుతుంది, అక్క గుడ్డలు కుడుతుంది. "మన ఇంట్లో సూదికున్న గౌరవం మనుషులకి లేదు" అంటుంది అక్క.

బైండరమ్మ కాళ్ళు కడుక్కోకుండానే సుద్దముక్క తీసుకుని, కత్తిరించే బల్ల మీద పరిచిన పాత నల్లగుడ్డ మీద గళ్ళు గీసింది. గడి విడిచి గడికి సుద్ద పూసింది. బొత్తాల డబ్బా తెరిచింది.

"ఒసేయ్, కోటు బొత్తాం ముట్టుకోకు. ఆర్డరుది."

"అది గుర్రం అక్కా."

"ఎద్దు కాదుగదా, నయం." అక్క మిషను ఆపి వచ్చింది. "ఏంటీ గొడవ?"

చెప్పింది. అక్క అంతా విని, నడుం మీద చెయ్యేసి, "ఇంతకీ ఈ ఒంటి బొత్తాం రెండు గడుల్లో గుంజీళ్ళు తీస్తూ ఉంటుంది. నా గుర్రం వచ్చి అందులో ఒక గడి పట్టుకుంటే అయిపోతుంది. అంతేనా?" అంది.

"అంతే. దిగలేకపోతే నా రాజు పక్కకి తప్పుకోవాల్సి వస్తుంది. మీ రాజు బయటపడతాడు, బంటు మంత్రి అవుతుంది."

"నేను పడతాను చూడు."

అక్క గుర్రాన్ని నడిపింది. ఒకసారి చుట్టూ తిప్పి తెచ్చింది, ఒకసారి దగ్గరి దారిన తెచ్చింది, ఒకసారి బల్ల అవతలి చివరిదాకా పంపి వెనక్కి రప్పించింది. ఎప్పుడు వచ్చినా రాజు ఉన్న గడిని పొడుస్తుంది గానీ, రాజు దిగబోయే గడిని పట్టుకోలేకపోతుంది. రాజు పక్క గడిలోకి దిగిపోతాడు. ఒక్క అడుగు ముందో వెనకో అయితే పట్టుకునేది. పొయ్యి మీద పెట్టిన నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి.

"ఒక్కసారి ఆగుతాను. ఈసారి నువ్వే జరుగు" అంది అక్క.

"ఆగడానికి లేదు. వంతు వస్తే జరగాల్సిందే. మీ రాజూ బంటూ కదల్లేవు, కాబట్టి గుర్రమే కదలాలి."

అక్క విసుక్కుంటూ బొత్తాన్ని ఎత్తి గుడ్డ మీద టకటకా కొట్టింది. "ఇదేం గుర్రమే తల్లీ! సుద్ద మీద ఉంటే నలుపు మీదికి పోతుంది, నలుపు మీద ఉంటే సుద్ద మీదికి. ఒక్కసారైనా ఉన్న రంగులోనే ఉండదు. నీ రాజూ అంతే. ఇద్దరూ ఒకేసారి రంగు మారుస్తుంటే నాకు దొరికేదెప్పుడు?"

బైండరమ్మ చేతిలో చిన్న బొత్తాం అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ అను."

"ఏమిటి?"

"ఇప్పుడన్నదే."

అక్క మళ్ళీ అనలేదు. అక్కర్లేకపోయింది. గుర్రం ఏ రంగు గడిలో నిలబడితే, ఆ రంగు గడిని అది కొట్టలేదు. ఎప్పటికీ కొట్టలేదు. రాజు చెయ్యాల్సిందల్లా గుర్రం ఎక్కడుందో చూసి, అదే రంగు గడిలోకి అడుగుపెట్టడం. గుర్రం ఊరంతా తిరిగినా, వెయ్యి అడుగులు వేసినా, ఆ ఒక్క అడుగు తేడా ఎన్నటికీ పూడదు. ముందు పేజీలో గుర్రం ఇంకో రంగు మీద ఉంది, అందుకే అక్కడ కూడిక గుర్తు. ఇంతకాలం బొమ్మల్నే చూసిన ఆమెకి ఒక్కసారిగా బొమ్మల కింద గళ్ళు కనిపించాయి. కిటికీ బయట సాయంత్రం రంగులు మారుతూ ఉంది. వీధిలో నడిచే వాళ్ళ అడుగులు కూడా ఒకటి వెలుగులో, ఒకటి నీడలో పడుతున్నట్టు తోచింది. గాల్లో తేలుతున్నట్టుంది ఆమెకి.

"అక్కా, నువ్వు మహా మేధావివే."

"ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. బొత్తాం ఇటివ్వు."

శనివారం పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెప్పింది. ఆయన మట్టిలో గీసుకుని, నాలుగుసార్లు గుర్రాన్ని తిప్పి, నవ్వాడు. మొహమంతా నవ్వాడు. వెంటనే సర్దుకున్నాడు. "నాకు తెలిసింది, చాలమ్మా. పెద్దాయనతో మాటకి మాట ఎందుకు? వదిలేయ్."

ఆమె లోపలికి వెళ్ళి కుట్టు ముగించింది. వెన్నుకి గుడ్డ అతికి, అట్టలు తొడిగి, ప్రెస్సులో పెట్టి మర బిగించింది.

సాయంత్రం మాస్టారు వచ్చేసరికి పుస్తకం తయారుగా ఉంది. ఆయన హాల్లోకి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, అందరూ చూస్తుండగా తిప్పుతూ వచ్చారు. వరస సరిపోతుంటే తల పంకించారు. పద్నాలుగో మడత దగ్గర చెయ్యి ఆగింది. కొత్త తెలుపు.

"దీన్ని ఎవరు కోశారు?"

"నేనేనండీ."

"నా పుస్తకాన్ని కోశావా?"

 మందుల షాపాయన కుర్చీలోంచి లేచాడు. ఆమె ఆ తెల్ల పేజీల పై అంచు చూపించింది. "అది కోయని మడతండీ. అచ్చయినప్పటి నుంచీ ఎవరూ తెరవలేదు."

మాట బయటికి వచ్చాక గానీ దాని బరువెంతో ఆమెకి తెలియలేదు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి ఒక పేజీ తిప్పి, "దాంట్లో కొత్తగా ఏమీ ఉండదు. ముందు పేజీలోనే తేలిపోయింది, తెల్లవాడిదే గెలుపు" అన్నారు.

"అయితే ఒక్కసారి చూపిస్తారా? మంగళవారం ఆట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి. నల్ల రాజు వైపు నేను ఆడతాను."

"నీకు ఆట ఎప్పుడు వచ్చింది?"

"నిన్నండీ."

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మందుల షాపాయన ఆ నాలుగు బొమ్మలనీ సరిగ్గా పెట్టాడు. నాలుగు రోజులుగా ఆయనా వాటిని మర్చిపోలేదని ఆ చేతులు చూస్తే తెలిసింది.

మాస్టారు గుర్రాన్ని దూకించారు. ఆమె గుర్రం కాళ్ళ కింది రంగు చూసి, రాజుని పైకి జరిపింది. గుర్రం మళ్ళీ దూకింది. రాజు కిందికి. మొదట ఆయన చకచకా ఆడారు. తర్వాత ఆగి ఆగి ఆడారు. గుర్రాన్ని బల్ల అంచుల వెంట తిప్పారు, మధ్యలోంచి తెచ్చారు, వచ్చిన దారినే వెనక్కి తీసుకుపోయారు. ఎండ కిటికీ మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి నేల మీదికి జారింది. హాల్లో చెక్క మీద చెక్క ఆనే చిన్న చప్పుడు మాత్రమే. పైకి, కిందికి. ఆ చప్పుడు వింటూ నిలబడ్డ వాళ్ళందరూ ఎక్కడో నిదానంగా నడుస్తున్న గుర్రం మీద ఊగుతున్నట్టు ఉన్నారు. వాచ్‌మన్ ఎప్పుడు వచ్చాడో, టోపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

గంట గడిచింది. మాస్టారు గుర్రాన్ని ఎత్తి, ఎక్కడా పెట్టకుండా, గాల్లోనే పట్టుకుని ఆగిపోయారు. ఆమె ఎత్తు వెయ్యడానికి ముందు చూస్తున్నది గుర్రాన్ని కాదని, దాని కింది గడినని అప్పుడు గమనించారు.

"రంగు" అన్నారు, ఎవరితోనో కాదు.

"అవునండీ."

ఆయన గుర్రాన్ని మెల్లగా పక్కన పెట్టి, పుస్తకం ముందుకి లాక్కుని, తెల్లగా మెరుస్తున్న ఆ రెండు పేజీలూ చదివారు. చదవడం అంటే బొమ్మలే చూశారు. వేలు అక్షరాల మీద ఆగకుండా దాటిపోవడం ఆమె ఒక్కతే చూసింది. తనకి రాని భాష ఆయనకీ రాదు.

"మంగళవారం నేను గెలవలేదన్నమాట" అన్నాడు మందుల షాపాయన. "నాకప్పుడే అనుమానంగా ఉంది మాస్టారూ. మీరు చెప్పారు కదా అని ఊరుకున్నా. ఐదో కుర్చీ వాచ్‌మన్ బాబాయిదే. ఆ ఎత్తు ఆయనకి తోచింది, నాకు తోచలేదు."

మాస్టారు తలెత్తి తలుపు వైపు చూశారు. మాటలు వెతుక్కోవడం ఆయనకి అలవాటు లేదు. "బస్సు ఎనిమిదింటికి" అన్నారు వాచ్‌మన్‌తో. కుర్చీలోంచి లేచి, "ఆ రోజు నువ్వు అడిగావు. నేను వినలేదు" అన్నారు.

"పర్లేదు మాస్టారూ" అన్నాడు వాచ్‌మన్. టోపీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అలారం పెట్టుకుంటా."

జనం పల్చబడ్డారు. మాస్టారు పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి నాలుగడుగులు వేసి ఆగారు. తువ్వాలు విప్పి, వెన్ను మీద బొటనవేలు ఆనించి అటూ ఇటూ రాశారు.

"ఇంకా తడి ఆరినట్టు లేదే."

జిగురు ఎప్పుడో గట్టిపడి ఆరిపోయి ఉంది. ఆ మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేసింది.

"ఇంకో నెల ఇక్కడే ఉండనీ" అన్నారు ఆయన, పుస్తకం ఆమె చేతుల్లో పెడుతూ. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే అన్నారు: "తొమ్మిదో మడతలో రెండు ఏనుగుల ఆట ఒకటి ఉంది. ఎన్నేళ్ళు చూసినా నాకది అందలేదు. నువ్వు చూసి, తెలిస్తే చెప్పు."

మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు దిగిపోయింది. వాచ్‌మన్ తాళాలగుత్తి పట్టుకుని వచ్చి, "మూసేద్దామా అమ్మా?" అన్నాడు.

"ఇంకో పది నిమిషాలు బాబాయ్."

ఆమె కిటికీ దగ్గర మిగిలిన వెలుతురులోకి కుర్చీ జరుపుకుని, తొమ్మిదో మడత తెరిచింది.